రెండో కేక

అమీర్‌పేటలో విమానం ఉందంటే ఎవరూ నమ్మరు గానీ, ఉంది. మెట్రో స్టేషన్ వెనక సందులో కింద జిరాక్స్ షాపు, దాని పైన కంప్యూటర్ కోచింగు, ఆ పైన లేడీస్ హాస్టలు, అన్నిటికీ పైన విమానం. రెక్కలుండవు, తోకా ఉండదు. మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి, అటూ ఇటూ సీట్లు, నెత్తి మీద సామాన్ల అరలు, కిటికీల అవతల నీలం రంగు పూసిన అట్టలు. విమానాల్లో ఉద్యోగానికి వెళ్లాలనుకునే పిల్లలకి రత్నమాల మేడమ్ అందులోనే శిక్షణ ఇస్తారు. ఆవిడ సగం జీవితం ఎయిర్‌హోస్టెస్‌గా గాలిలో గడిపి దిగినావిడ. డొల్లంతా ప్లైవుడ్డే గానీ సీట్లు మాత్రం అసలువి. అవి ఏ విమానానివని మంజూష చేరిన కొత్తలో ఒకసారి అడిగింది. "పాతవమ్మా, తుక్కులో కొన్నాను" అని మేడమ్ మాట మార్చేశారు.

మంజూష వాళ్లది కాకినాడ. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో ఉంటున్నారు. ఆమె పక్కన ఎప్పుడు చూసినా చంద్రిక ఉంటుంది. చంద్రికది ఎర్రగడ్డ, నాన్నకి రైతు బజార్లో కూరగాయల కొట్టు. ఒకరి డబ్బాలోది ఒకరు తినేవాళ్లు, ఒకరి లిప్‌స్టిక్ ఒకరు పూసుకునేవాళ్లు. ఉద్యోగమొస్తే ఇద్దరికీ ఒకే విమానంలో రావాలని బల్కంపేట ఎల్లమ్మకి మొక్కుకున్నారు కూడా. అలాంటి కోరిక తీర్చడం ఎల్లమ్మకైనా కష్టమే అని మిగతావాళ్లు ఏడిపించేవారు.

అందరికీ ఇష్టమైనది సణుగుడు క్లాసు. సగంమంది ప్రయాణికుల్లా కూర్చుని నోటికొచ్చినట్టు సణగాలి, మిగతా సగం నవ్వు చెదరకుండా జవాబు చెప్పాలి. సణగడంలో తారక్‌ని మించినవాడు లేడు.

"ఏంటమ్మా ఇది? కునుకు పట్టినవాణ్ణి లేపి మరీ కిటికీ తెరవమంటావు? ఎండ నీ మొహాన కొడుతోందా, నా మొహాన కొడుతోందా?"

"జర తెరువుండ్రి సార్, మీకు పుణ్యముంటది" అనేది చంద్రిక. క్లాసంతా గొల్లుమనేది.

విమానం దిగేటప్పుడు లైట్లు ఎందుకు తీసేస్తారు? గుమ్మంలో నమస్కారం పెడుతూ మనిషిని కింద నుంచి పైదాకా ఎందుకు చూస్తారు? ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు ఎయిర్‌హోస్టెస్‌లు చేతులు తొడల కింద పెట్టుకుని మూగనోము పట్టినట్టు ఎందుకు కూర్చుంటారు? ఒక్కోదానికి మేడమ్ కారణం చెప్పేవారు. మంట ఏ వైపు అంటుకుందో కనపడాలని కిటికీ. చీకటికి కళ్లు ముందే అలవాటు పడాలని లైట్లు. తలుపు నెట్టే సత్తువ ఎవరిలో ఉందో చూసుకోవడానికి ఆ చూపు. ఇప్పుడు ఈ విమానం కూలితే నేను ఏం చేయాలి అని లోపల్లోపల అనుకోవడానికి ఆ మౌనం. ఏ దారిన వెళ్లినా కారణాలన్నీ ఒక్క చోటికే చేరేవి. అది తెలిశాక మంజూషకి నవ్వడం కొంచెం కష్టమైంది.

ఇక కేకలు రెండు. ప్రమాదం ముంచుకొస్తే మొదటి కేక: "తలలు దించండి! లేవొద్దు!" విమానం ఆగాక రెండోది: "బెల్టులు విప్పండి! అన్నీ వదిలేసి ఇటు రండి!" ఈ రెండూ పక్క గదిలో గోడ వైపు తిరిగి అరవాల్సిందే తప్ప ఆ సీట్ల మధ్య అరవకూడదు. మేడమ్ పెట్టిన రూలు అది. ఎందుకని అడిగితే చెప్పరు. అసలు నేర్చుకోవాల్సినదాన్ని గోడకి చెప్పుకోవడమేంటని పిల్లలు గొణుక్కునేవారు.

ఆ రోజు మబ్బు పట్టి మధ్యాహ్నానికే సందంతా మసకబారింది. మర్నాడు పెద్ద పరీక్ష. ఏదో విమాన కంపెనీ వాళ్లు స్వయంగా వచ్చి చూస్తారట. మేడమ్ పని మీద పంజాగుట్ట వెళ్లారు.

"ఈ ఒక్కసారి లోపల చేద్దాం, రేపు తడబడకుండా ఉంటాం" అన్నాడు తారక్. ఎవరూ కాదనలేదు. మంజూష అసలే కాదనలేదు. పరీక్ష భయం ఆమెకే ఎక్కువ.

చంద్రిక వెనక వరుసలో ప్రయాణికురాలిగా కూర్చుంది. కిటికీ రెక్కలు ఎత్తారు, లైట్లు తగ్గించారు. మంజూష ముందు నిలబడి, కడుపులోంచి గాలి తీసుకుని అరిచింది.

"తలలు దించండి! లేవొద్దు!"

ప్లైవుడ్ గోడల మధ్య ఆ కేక ఆమెకే పరాయి గొంతులా వినిపించింది. అదే క్షణంలో కరెంటు పోయింది. ఒక్కసారి కెవ్వుమని, తర్వాత పకపక నవ్వుకుంటూ, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ అందరూ బయటపడ్డారు. టీకి పోదాం పదండని తారక్ మంద మొత్తాన్ని మెట్లు దింపేశాడు. మంజూష చెప్పులు వేసుకుంటూ పక్కకి చూసింది. చంద్రిక లేదు.

"చంద్రీ, రావే, ఉక్కపోసి చస్తావు!"

మంజూష ఫోన్ లైటు వేసుకుని లోపలికెళ్లింది. ఎప్పుడూ ఉండే పాత రెగ్జిన్ వాసన లేదు. తడిసిన బట్టల వాసన. దాని అడుగున కిరోసిన్ లాంటిదేదో... ఇంకా అడుగున వెంట్రుకలు కాలిన వాసన.

వెనక వరుసలో చంద్రిక తల మోకాళ్లకి ఆనించి, చేతులు మెడ మీద కట్టుకుని, నేర్పినది నేర్పినట్టుగా వంగి ఉంది.

"నాటకాలు చాలు, లే."

"లేవొద్దన్నరు గదా" అంది చంద్రిక, తల ఎత్తకుండా, గుసగుసగా.

"అన్నది నేనేనే పిచ్చిదానా. లే!"

"అందరు గిట్లనే కూసున్నరు మంజూ. నేనొక్కదాన్ని ఎట్ల లేస్త?"

మంజూష లైటు చుట్టూ తిప్పింది. సీట్లన్నీ ఖాళీ. ఒక్క మనిషి లేడు. కానీ పొద్దున్నుంచీ సీట్ల పక్కన వేలాడుతున్న బెల్టులు... ఇప్పుడు పెట్టుకుని ఉన్నాయి. ప్రతి సీటుకీ. వదులుగా కాదు. ఎవరి పొట్ట చుట్టూనో బిగించినట్టు, గాలిలో, గుండ్రంగా.

మంజూష వంగి, చంద్రిక బెల్టు బిళ్ల ఎత్తి లాగింది. బిళ్ల లేచింది. బెల్టు రాలేదు. మళ్లీ లాగింది. రాలేదు. పైగా అది ఇంకొంచెం బిగుసుకుంది. చంద్రిక చిన్నగా మూలిగింది.

మంజూష మేడమ్‌కి ఫోన్ చేసింది. అటు నుంచి హారన్ల మోత.

"మేడమ్... చంద్రిక లేవట్లేదు. లోపల... ఆ సీట్లో..."



"లోపల అరిచారా? ఏది అరిచారు?"

"మొదటిది."

"రెండోది అరవకు. వింటున్నావా? పంజాగుట్ట చౌరస్తాలో ఇరుక్కున్నాను, వచ్చేస్తున్నాను. నేను వచ్చేదాకా అరవకు. ఒక్క పిల్లని లేపబోయి అందర్నీ..."

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

మంజూష కింద చతికిలబడి చంద్రిక చెయ్యి పట్టుకుంది. వస్తున్నారే, మేడమ్ వస్తున్నారే అని ఊరికే అంటూ ఉంది. చంద్రిక ఊపిరి పొట్టిపొట్టిగా తెగుతోంది. బెల్టు చున్నీలోకి దిగిపోయింది. చుట్టూ ఆ ఖాళీ సీట్లలోంచి... ఎవరో ఊపిరి బిగబట్టుకున్నట్టు... చాలామంది ఒకేసారి బిగబట్టుకున్నట్టు...

"మంజూ" అంది చంద్రిక. గొంతులో గాలి లేదు. "నాకు... అస్తలేదే... ఊపిరి..."

పంజాగుట్ట చౌరస్తా సంగతి మంజూషకి తెలుసు. వాన వస్తే చెప్పనే అక్కర్లేదు. మేడమ్ వచ్చేసరికి తన చేతిలో ఉన్న ఈ చెయ్యి చల్లబడిపోతుందని అనిపించింది. ఆ ఒక్క ఆలోచన తప్ప ఆమెకి మరేమీ మిగల్లేదు. లేచి, తలుపు దగ్గరికి పరిగెత్తి, వెనక్కి తిరిగి, గొంతు చిరిగేలా అరిచింది.

"బెల్టులు విప్పండి! అన్నీ వదిలేసి ఇటు రండి!"

టక్.

చంద్రికదే అనుకుంది. తర్వాత ఇంకోటి... టక్. టక్, టక్... వరసంతా, అటూ ఇటూ, టకటకటక. చేతిలో ఫోన్ లైటు ఆరిపోయింది.

వచ్చేశారు. సన్నటి దారిలో తొక్కుకుంటూ. మంజూష తలుపు పక్కన గోడకి అతుక్కుపోయింది. తడి చీర ఒకటి ఆమె మోచేతిని రాసుకుంటూ పోయింది. ఎవరిదో భుజం గుద్దుకుంది. గాజులు గలగలమన్నాయి. ఒక దగ్గు... ఒక పసిబిడ్డ ఏడుపు... ఎవరిదో వేడి ఊపిరి సరిగ్గా ఆమె చెవి మీద...

"చంద్రీ! చంద్రీ!"

ఒక చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. సన్నటి చెయ్యి, ఎల్లమ్మ గుడి దారం కట్టిన మణికట్టు. చంద్రికదే! మంజూష దాన్ని పట్టుకుని వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. హాస్టల్ దగ్గర ఇన్వర్టర్ బల్బు వెలుగులో మొహం చూసింది. చంద్రికే. ఆ జడ, ఆ బొట్టు, ఆ చెంప మీది పుట్టుమచ్చ. అక్కడే వాటేసుకుని భోరుమంది. ప్రాణం లేచొచ్చింది ఆమెకి.

కింద వాన మొదలైంది. జిరాక్స్ షాపు రేకు కింద జనం కిక్కిరిసి నిలబడ్డారు. చంద్రిక ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. పైన పోతున్న మెట్రోని, బైకుల్ని, కోచింగ్ బోర్డుల్ని వింతగా చూసింది. తర్వాత మంజూష చేతిలోంచి తన చెయ్యి మర్యాదగా విడిపించుకుంది.

"ఇది ఏ ఊరమ్మా?"

"నవ్వించకే ఇప్పుడు" అంది మంజూష, కళ్లు తుడుచుకుంటూ.

"మా అబ్బాయి బయటే ఉంటానన్నాడు. చాలాసేపు కూర్చోబెట్టేశారండీ మమ్మల్ని."

ఆ మాట అని చంద్రిక వానలోకి దిగింది. రోడ్డు వారన రేకు కిందకి పోకుండా తడుస్తూ కొంతమంది నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ సంచి లేదు. వచ్చేపోయేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే వెతుక్కుంటున్నారు. చంద్రిక వెళ్లి వాళ్ల పక్కన నిలబడింది. వాళ్లు కొంచెం సర్దుకుని చోటిచ్చారు.

"చంద్రీ!" అని అరిచింది మంజూష.

చంద్రిక తిరగలేదు.

ఆ గుంపు చివర ఒక ముసలాయన తిరిగాడు. తెల్ల చొక్కా, ఒకవైపు నల్లగా కమిలిపోయిన మెడ. అడుగులు తడబడుతూ మంజూష దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ ముందుకి చాచి, వాటినే చూసుకుంటూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"మంజూ" అన్నాడు. "గివి ఎవరి చేతులే?"