రోలర్ షెడ్డులో రాత్రి రిపేరు

జెర దగ్గరికి జరిగి కూచోండి. ముందుగా గణేశ్‌గడ్డ సామికి మనసులో ఓ దండం పెట్టుకోండి. ఎందుకంటారా... ఆ సామి ఉన్న రుద్రారం దగ్గరే, రోడ్డు మలుపులో ఒకప్పుడు ఓ రేకుల షెడ్డు ఉండేది. దాని కథ ధైర్యం ఒక్కదానితో వినేది కాదు.

రోడ్డు వేసే కాలంలో రోలర్ నిలపడానికి కట్టిన షెడ్డు అది. రోలర్ నడిపే మనిషి అందులోనే జ్వరమొచ్చి పోయాడట. రోడ్డు పూర్తయింది, రోలర్ పోయింది... ఆయన మాత్రం పోలేదని ఊరి మాట. చీకటి పడితే లోపల ఇనుము మీద ఇనుము మోగేదట — టంగ్... టంగ్... గొర్ల మంద సైతం అక్కడికి రాగానే రోడ్డు అవతలి అంచు పట్టేదట!

పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. ఇస్నాపూర్ మొగులయ్యకు మిలిటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు లారీ ఒకటి ఉండేది. అక్క కౌసల్యమ్మ బిడ్డ విమల పెండ్లి కుదిరింది. పిల్లగానిది కంది ఊరు. మగపెండ్లివాళ్లను తేవడానికి బస్సు మాట్లాడదామన్నాడు బావ. మొగులయ్యకు రోషం పొడుచుకొచ్చింది.

"మేనమామను నేను సచ్చిన్నా బావా? నా లారీల తెస్త. పొద్దు పొడిచేటాల్లకు నీ గడపల దింపుత!"

"నీ లారీ దిగుడుకైతే ఉరుకుతది మొగులయ్యా. ఎక్కుడుకు మనమే నూకాలె" అన్నాడు బావ.

"నా తమ్ముడు తెస్తనన్నడు, తెస్తడు" అంది అక్క. ఆ ఒక్క మాటే మొగులయ్య మెడకు చుట్టుకుంది.

పెండ్లి ముందురోజు సాయంత్రం లారీకి మామిడాకులు కట్టి కందికి బయలుదేరాడు. సరిగ్గా ఆ మలుపులోనే... లోపల ఏదో టపటపలాడి ఇంజన్ ఆగిపోయింది. దారిన పోయేవాళ్లు జాలిపడి నూకిపెట్టారు. ఎక్కడికి? వాన తుప్పర పడుతోందని ఆ షెడ్డులోకే! నూకి, వెనక్కి చూడకుండా పోయారు.

కబురందుకుని పటాన్‌చెరు నుంచి మెకానిక్ చిన్నరాములు వచ్చాడు.

"టైమింగ్ చైన్ తెగిందే అన్నా. ఇంజన్ కడుపుల గొలుసు. కబురు ఇన్నప్పుడే అనుమానపడి కొత్తది తెచ్చిన గని, ముందుగాల ఈ బ్యాలెన్సర్ ఊడాలె."

బ్యాలెన్సర్ అంటే ఇంజన్ వణుకును ఆపే గుండ్రటి ఇనుప చక్రం. అది షాఫ్టును పట్టుకుంది చూడండి — ఉడుం పట్టు! చక్రాన్ని బయటికి గుంజే పుల్లర్ తగిలించి బిగించాడు. పానాకు పైపు తొడిగి ఇంకా బిగించాడు. కిరోసిన్ పోశాడు, గణపతికి మొక్కాడు, ఆ తర్వాత తిట్టాడు — గణపతిని కాదు, బ్యాలెన్సర్‌ను. కదల్లేదు.

"ఇది మన చేతుల లేదన్నా. పెద్ద పుల్లర్ తెస్త" అని, బిగించినదాన్ని అట్లనే వదిలి, దొరికిన లారీ ఎక్కిపోయాడు.

ఇక షెడ్డులో మిగిలింది మొగులయ్య, ఓ లాంతరు, ఓ గొంగడి.

రాత్రి ముదిరింది... వాన ఆగింది... కీచురాళ్లు కూడా ఆగాయి. మొగులయ్య పానాల సంచి ఒళ్లో పెట్టుకుని, నిండా గొంగడి కప్పుకుని, నామం అందుకున్నాడు. అప్పుడు —

ఢాం!

ఇనుము మీద ఇనుము! రేకులన్నీ గల్లుమన్నాయి. అదిరిపడ్డ కాలు తగిలి లాంతరు ఆరిపోయింది.

కాసేపటికి... అడుగులు.

"మొగులన్నా..." గుసగుసగా.

నోరు తెరవబోయి నాలుక కరుచుకున్నాడు. వాళ్ల నాయనమ్మ చెప్పేది: రాత్రిపూట ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకొద్దు, రెండో పిలుపుకూ పలకొద్దు. దెయ్యం మూడోసారి పిలవనే పిలవదు. మూడోది మనిషి పిలుపు.

"మొగులన్నా..."

రెండు. ఊపిరి బిగబట్టి మూడోదాని కోసం ఆగాడు... ఆగాడు...

మూడోది రాలేదు.

ఇంకేముంది, ఖాయమైపోయింది! కండ్లు గట్టిగా మూసుకున్నాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. లాంతరు అద్దం చప్పుడు. ఇంజన్ దగ్గర ఇనుము కదిలింది... ఆపైన ఓ సన్నటి గొంతు —

"అరంగుళం పానా..."

ఇవ్వకుంటే ఏం చేస్తుందో! వేళ్లతో తడిమి, తీసి, గొంగడిలోంచి చెయ్యి చాపాడు. చల్లటి వేళ్లు తగిలాయి. పానా పోయింది. అవతల అది టంగుమని జారిపడింది... మళ్లీ ఎత్తుకున్న చప్పుడు.

అట్లనే సాగింది. "గుడ్డ..." అంటే గుడ్డ. "సుత్తె..." అంటే సుత్తె. 'దెయ్యమైనా పని తెలిసిన దెయ్యం' అనుకున్నాడు మొగులయ్య. 'స్వామీ, అక్క మాట నిలబెట్టు. మగపెండ్లోళ్లను దింపినంక అది నన్ను తిన్నా మంచిదే.'

చివరికి వినబడింది — "సెల్ఫ్ కొట్టు..."

ముసుగుతోనే తడుముకుంటూ ఎక్కి కొట్టాడు. ఇంజన్ లేచింది! ఆ సంబరంలో చెయ్యి అలవాటుగా లైట్ల మీదికి పోయింది, గొంగడి జారింది, కండ్లు తెరుచుకున్నాయి —

లారీ ముందర నల్లటి మొహం, తెల్లటి గుడ్లు, చేతిలో సుత్తె!

"సామీ!" అని అరిచాడు మొగులయ్య.

"అవ్వో!" అని అరిచింది ఆ మొహం.

చిన్నరాములు!

"నువ్వార? మరి మూడోసారి ఎందుకు పిలవలె?"

"మూడోసారి పిలిస్తే ఆ పేరు దెయ్యానికి అప్పజెప్పినట్టేనని మా అవ్వ చెప్పింది! రెండు పిలుపులకు పలకకపోతివి, పారిపోయినవనుకున్న. పెద్ద పుల్లర్ దొరకక ఉత్త చేతులతోని వస్తే, బ్యాలెన్సర్ ఊడి ఉన్నది! ఎవడు ఊడదీసిండనుకోవాలె? పనిల చెయ్యి ఎనుకకు చాపి పానా అడుగుడు నాకు అలవాటు. అడిగిన... చేతిల పడ్డది! తిరిగి చూస్తే మొహం లేని నల్ల ముద్ద. ఉరికితే ఎంటబడ్తదనుకున్న. పని ఆపితే ఏం జేస్తదోనని చేసుకుంట పోయిన!"

"గా ఢామ్మన్నదేంది మరి?"

చిన్నరాములు నెత్తి గోక్కున్నాడు. "పుల్లర్ బిగించి పోతి గద అన్నా... అది గుంజి గుంజి, దానంతల అదే ఊడినట్టున్నది."

పొద్దు పొడిచేసరికి మగపెండ్లివాళ్లు ఇస్నాపూర్‌లో దిగారు. కౌసల్యమ్మ తమ్ముని మొహం మీది మసి కొంగుతో తుడిచింది. బావ లారీ చుట్టూ తిరిగి చూసి, మీసం సవరించుకున్నాడు.

కానీ పెండ్లి భోజనాల్లో నోరు ఊరుకుంటుందా? ఈ పంక్తిలో మొగులయ్య, "దెయ్యానికి పానాలందిచ్చిన" అన్నాడు. ఆ పంక్తిలో చిన్నరాములు, "దెయ్యంతోని పానాలు అందిపిచ్చుకున్న" అన్నాడు. అసలు సంగతి మాత్రం ఇద్దరూ మింగేశారు.

ఇగ చూడండి! దెయ్యమే బాగుచేస్తుందని చెడిన లారీలను ఆ షెడ్డులో పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పానాల సంచి తెరిచి పోయే డ్రైవర్లు మొదలయ్యారు. తెల్లారి వచ్చి చూస్తే లారీ ఎట్లున్నది అట్లనే ఉండేది...

పానాలు మాత్రం ఉండేవి కావు!