మధ్యలో ఒక లింకర్

పసిపిల్లల రోగనిరోధక శక్తి గురించి మణిదీప్‌కు తెలియనిది లేదు. మనుషుల గురించి తెలిసింది లేదు. పార్వతీపురంలో పుట్టి, హైదరాబాద్ వ్యాక్సిన్ కంపెనీలో సైంటిస్టయి, నర్సులకు క్లాసు చెప్పడానికి అరవై స్లయిడ్లతో అరకులో దిగాడు. అన్నీ ఇంగ్లీషువే.

"బ్యాక్టీరియా ఒంటి మీద చక్కెర పొర ఉంటుంది. ఒట్టి చక్కెరని పసిపిల్లల ఒళ్ళు పట్టించుకోదు. ప్రొటీన్‌కి అతికిస్తే గుర్తుపడుతుంది."

"నేరుగా అతికించేత్తారేటి సార్?" జి.మాడుగుల నర్సు కృపావతి అడిగింది.

"నేరుగా అయితే రెండూ ఒకదానికొకటి అడ్డుపడొచ్చు. అందుకే మధ్యలో లింకర్ పెడతాం. నా పీహెచ్‌డీ అయిదేళ్లూ దాని మీదే."

"మధ్యవర్తి గురించి అయిదేళ్లు సదివారా!"

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసరికి మణిదీప్ తర్వాతి స్లయిడ్ మరిచిపోయాడు.

ఆ తర్వాత ఆరు నెలల్లో తొమ్మిదిసార్లు జి.మాడుగుల వెళ్ళాడు. వ్యాక్సిన్ ఫ్రిజ్ చెక్ చేయాలని కంపెనీకి రాశాడు. ఫ్రిజ్ బాగానే ఉంది. తొమ్మిదోసారి వానలో తడుస్తూ, "నువ్వంటే ఇష్టం" అనేశాడు.

"నాకూ ఇష్టమే. అయ్య ఒప్పుకోపోతే మాత్రం రాను. మా ఊరి పద్ధతి కనుక్కుని రండి."

కనుక్కునే ఓపిక పెద్ద చదువుల వాళ్ళకెక్కడిది? మర్నాడే రెండు కిలోల కాజాలు, పీహెచ్‌డీ సర్టిఫికెట్ పట్టుకుని ఆమె తండ్రి సోంబరు ముందు నిలబడ్డాడు. "మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ."

సోంబరు మిరియాలు ఆరబోస్తూనే ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు.

కృపావతి అతన్ని వీధిలోకి లాక్కొచ్చింది. "పిల్లనడగడానికి గుంటడు ఒక్కడే వత్తాడా? మధ్యన పెద్దమనిసి ఉండాల. నేకపోతే అడిగినట్టే కాదు. అయ్య కాదన్లేదు, అసలు ఇన్లేదు! అయిదేళ్లు ఏటి సదివారు సారూ?" ఆమె కళ్ళు నిండాయి.

మణిదీప్‌కు తన పీహెచ్‌డీ అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్ళో ఇరవై ఏళ్లుగా ఆశా వర్కరుగా ఉన్న యర్రమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"నానేటి సెయ్యాల?"

"మధ్యలో ఉంటే చాలు. నేను అయిదేళ్లు చదివింది దాని గురించే."

"దీనికి అంత సదువెందుకు? బేగి పద. నువ్వు మాత్రం నోరిప్పకు."

యర్రమ్మ సోంబరు ఎదురుగా చతికిలబడి చుట్ట వెలిగించింది. "సోంబరూ, ఈ గుంటడికి సదువుంది, బుద్ధి నేదు. మనసు మంచిది. మన పిల్లకీ ఇష్టమే. ఏటంటావు?"

సోంబరు మిరియాల మీంచి తలెత్తాడు. అప్పుడే చూస్తున్నట్టు మణిదీప్‌ని పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరీ గుంటడు? ఎండలో నిలబడ్డాడేటి? కూకో అల్లుడా."

మణిదీప్ ఏదో చెప్పబోయాడు. యర్రమ్మ మోచేత్తో పొడిచింది.

గుమ్మంలో కృపావతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇప్పుడు గుర్తుపట్టాడు సారూ."