మాణిక్యవర్మ తలలో అతుకుల రాక్షసులు

మేఘవాటి రాజ్యాన్నేలే మాణిక్యవర్మ తలలో రాక్షసులు కాపురం పెట్టారు. అద్దె అడిగేవాడు లేడు కాబట్టి వేలకొద్దీ పెరిగారు. ఆస్థాన వైద్యుడు సూర్యకాంత మణితో రాజు తల మీదికి కిరణాన్ని గురిపెడితే చాలామంది మాడిపోయేవారు. ఊరంతా మిఠాయిలు పంచుకునేది. మిగిలిన కొద్దిమందీ మళ్లీ తలనిండా పిల్లల్ని పెట్టేవారు. అంతకుముందు ఆ రాజు తండ్రిని తిన్నదీ వీళ్లే.

రాజు చెల్లెలు తరళ తండ్రి పోయిననాడే ఒట్టు పెట్టుకుంది, వీళ్లలో ఒక్కరినీ మిగల్చనని. ముళ్లడవి దాటి, కొండచిలువ నోరు తప్పించుకుని, గుహలో ఉన్న మునిని చేరింది. ఆయన ముందుగా పెళ్లెప్పుడని అడిగాడు. ఈ ప్రశ్నకి ఇంత తపస్సెందుకని ఆమె పైకి అనలేదు. అందుకే మాయగుళిక దొరికింది.

దాన్ని మింగి, నలుసంతై, అన్న చెవిలోంచి లోపలికి దూరింది. కిరణం పడింది. కుర్ర రాక్షసులు గాయాలతోనే రెండుగా చీలి పిల్లల్ని పెట్టబోయి పగిలిపోయారు. చీకటి మూలలో ముసలి తల్లులు మాత్రం చాప పరుచుకుని, చిరిగిన ఒళ్లు సూదీదారంతో తీరిగ్గా కుట్టుకున్నారు.

"ముందు అతుకు, తర్వాతే పిల్లలు," అంది పెద్ద తల్లి చతుర్దంష్ట్ర. "అమ్మమ్మల నాటి ఒళ్లిది. చిరిగిందని పారేస్తామా?"

తరళ కత్తితో పొడిచి చూసింది. ఆ చిల్లూ కుట్టుకున్నారు. వాళ్లని కాపాడుతున్నది బలం కాదని, ఆగి కుట్టుకునే ఆ తీరికేనని ఆమెకి అర్థమైంది.

మర్నాడు కిరణం పడగానే, చాటునుంచి పెళ్లింటి వంటవాడి గొంతుతో కేకేసింది. "అమ్మా, ఆకులేశారు. మొదటి బంతి నిండిపోతోంది. రెండో బంతికి గారెలుండవట."

సూదులాగాయి.

"సగమే కుట్టానక్కా," అందొకతి.

"వచ్చి కుట్టుకోవచ్చు లేవే," అంది చతుర్దంష్ట్ర. "గబగబా పిల్లల్ని పెట్టండి, ఆకుల దగ్గర మనకి చోటు పట్టి ఉంచుతారు."

అందరూ ఒక్కసారే చీలబోయారు. సగం కుట్లు పుటుక్కుమన్నాయి. వరసగా పగిలిపోయారు. చతుర్దంష్ట్ర ఒక్కతే మిగిలింది. అప్పటికే నడుందాకా చీలి ఉంది.

"ఎవరమ్మా నువ్వు? మామీద ఇంత పగేంటి?"

"మీరు తిన్న రాజు కూతుర్ని."

"ఆయన్లో ఒక్క మెతుకు కూడా వృథా చెయ్యలేదు తల్లీ. కాస్త ఆ సూది అందుకో."

తరళ సూది మీద కాలేసి నిలబడింది. చివరి కుట్టు తెగేదాకా కళ్లు తిప్పుకోలేదు.

ఆమె బయటికొచ్చి మామూలు మనిషయ్యేసరికి, సింహాసనం మీదే వాలి ఉన్న అన్న కళ్లు తెరిచాడు. చెల్లెల్ని గుర్తుపట్టి, ఎవరైనా మిగిలారా అని అడిగాడు.

"నువ్వొక్కడివే అన్నయ్యా."

ఆ మాటకి మాణిక్యవర్మ సింహాసనం మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. అన్నాచెల్లెళ్లు చాలాకాలం ఇరుక్కుని కూర్చునే రాజ్యమేలారు.