ఇవాన్ లెక్కలు సరిచూడనన్నాడు

రేవు నగరం హాలిఫాక్స్‌లో నవంబరు వాన పక్కనుంచి కొడుతుంది. గొడుగు పేరుకే. అలా తడిసిన గొడుగును ఓడెట్ కోమో తెచ్చి, విశ్వవిద్యాలయ గ్రంథాలయం కింది అంతస్తులోని గణాంక సలహా గదిలో, అక్కడి సలహాదారు ఇవాన్ మెక్‌ఫీ బల్ల మీద పెట్టింది.

"మీ గొడుగు నా కాగితాల్ని తడిపేస్తోంది," అన్నాడతను.

"మీ జవాబు నా థీసిస్‌ని ముంచేసింది. కాగితాలు ఆరుతాయి లెండి."

ఆమె ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో పరిశోధన చేస్తోంది. ఆసుపత్రిలో మందు ఇచ్చే ముందు కంప్యూటర్ తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని శ్రద్ధగా చదివే నర్సులు తక్కువ పొరపాట్లు చేస్తారని ఆమె నిరూపించాలి. చేతిలో ఉన్న సమాచారం చాలదనీ, కనిపిస్తున్న తేడా కేవలం కాకతాళీయం కావచ్చనీ ఇవాన్ జవాబు రాసి పంపాడు. ఆమె సణిగింది, వాదించింది, చివరికి మరో ఆసుపత్రిని ఒప్పించి సమాచారం తెచ్చుకుంది. ఈసారి తేడా నిలబడింది.

ఇద్దరి ఇళ్ళూ రేవుకు అవతల డార్ట్‌మత్‌లోనే. సాయంత్రం రేవు దాటించే ఫెర్రీలో ఒకే బెంచీ మీద కూర్చోవడం మొదలైంది. ఓట్‌కేకు అనే గట్టి బిస్కెట్టు విరిస్తే ఆమె పెద్దముక్క తీసుకునేది. అతను తను పుట్టిన కేప్ బ్రెటన్ దీవి యాసలో మాట్లాడితే వెక్కిరించేది. పొగమంచు కమ్మి అవతలి ఒడ్డు కనిపించని రోజుల్లో ఫెర్రీ నెమ్మదిగా నడిచేది. అలాంటి రోజులంటే ఇవాన్‌కు ఇష్టం ఏర్పడింది.

ఓడెట్ చదివే విభాగంలో ఒక పద్ధతి ఉంది. థీసిస్ పరీక్షకు ముందు వేరొకరు లెక్కలన్నీ మొదటినుంచీ మళ్ళీ చేసి చూడాలి. ఆ పని జరిగినన్నాళ్ళూ విద్యార్థితో మాట్లాడకూడదు. అయ్యాక గైడు సరిచూసిన మనిషిని కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడుగుతారు. అంకెలు కలిశాయా? ఆ విద్యార్థి నీకు ఏమైనా అవుతుందా? అవుతుందంటే ఆ సరిచూడటం చెల్లదు.

ఓడెట్ గైడు ప్రొఫెసర్ లోర్నా టోబిన్ ఆ పనిని ఇవాన్‌కే అప్పగించింది. సలహా గదిలో అతని కంటే జాగ్రత్తపరుడు లేడని ఆవిడ నమ్మకం.

అతను వేరే ఫెర్రీ ఎక్కడం మొదలుపెట్టాడు. అంకెలన్నీ కలిశాయి. ఇక టోబిన్ గదికి వెళ్ళి ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడమే మిగిలింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. కారణం చెప్పడానికి నోరు రాలేదు. ఈ పని నావల్ల కాదు, మరొకరికి ఇవ్వండి అని మాత్రం టోబిన్‌కు రాసి పంపాడు.

ఆ మాట ఓడెట్‌కు చేరేసరికి ఇంకోలా చేరింది. పరీక్ష దగ్గర పడింది. ఇంతలో ఇవాన్ తప్పుకున్నాడు. అంటే ఏదో తప్పు చూశాడు. చెప్పడానికి మనసొప్పక తప్పుకున్నాడు. ఆమె ఫోన్ చేసింది. అతను తీయలేదు. తీస్తే నోరు జారుతుందనీ, పరీక్ష ముందు ఆమె మనసు మీద ఆ బరువు పెట్టకూడదనీ అతని భయం. ఆ సంగతి ఆమెకేం తెలుసు?

ఓడెట్ లెక్క మళ్ళీ చేసింది, సూత్రాలు మళ్ళీ చూసింది. ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరకని కొద్దీ భయం పెరిగింది. చివరికి అంకెల్ని వదిలేసి మనుషుల్ని అడుగుదామని సమాచారం ఇచ్చిన ఆసుపత్రికి ఫోన్ చేసింది. గ్వెన్ అనే పెద్ద నర్సు ఓపిగ్గా విని, నవ్వింది.

"పొద్దున ఎవరో ఒకరు లాగిన్ అవుతారమ్మా. ఇక షిఫ్టంతా అందరం అందులోనే రాసేస్తాం. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొడుతూ కూర్చుంటే రోగి ఆగుతాడా?"

ఓడెట్ ఫోన్ పెట్టేసి తన లెక్క మళ్ళీ తెరిచింది. ఒక్కో లాగిన్ పేరునూ ఒక్కో మనిషిగా లెక్కించింది తను. ఒకరి సంగతి మరొకరితో ముడిపడలేదని అనుకుంటేనే ఆ లెక్క చెల్లుతుంది. ఇక్కడ ఒక పేరు కింద వార్డు వార్డంతా ఉంది. వార్డులవారీగా మళ్ళీ చేస్తే తేడా సగానికి తగ్గింది. దాని చుట్టూ ఉన్న అనిశ్చితి పరిధిలోకి సున్నా కూడా వచ్చేసింది. హెచ్చరిక వల్ల మేలు ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఇవాన్‌కు తప్ప ఎవరికీ తెలియదని ఆమె అనుకున్న తప్పు. ఆమె టోబిన్ దగ్గరకు వెళ్ళి అంతా చెప్పింది. టోబిన్ ఉన్నదున్నట్టు రాయమంది. కొత్తగా సరిచూసేవారిని తనే వెతుకుతానంది.

ఆ సాయంత్రం ఓడెట్ ఇవాన్‌ను ఫెర్రీలో పట్టుకుంది.

"లాగిన్ల సంగతి నువ్వు ముందే కనిపెట్టావు. ఒక్క మాట చెప్పడానికేం?"

"ఏ లాగిన్లు?"

ఆమె చెప్పింది.

"నా కంటికి పడనే లేదు. నీ అంకెలన్నీ కలిశాయి, ఓడెట్."

"మరెందుకు తప్పుకున్నావు?"

ఇంజను చప్పుడులో అతను ఏదో అన్నాడు. మళ్ళీ చెప్పమంది.

"నువ్వు నాకేమీ కావని టోబిన్ ముందు చెప్పాలి. అది చెప్పలేను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, మరొకటో అతనికి తెలియలేదు.

"నీ సిగ్గు నా నిద్రంతా తినేసింది. పరీక్షయ్యేదాకా నాకేం చెప్పకు. నన్నేం అడగకు," అని ఒడ్డు రాగానే దిగిపోయింది.

పరీక్ష రోజు ఇవాన్ ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. తగ్గిపోయిన ఫలితాన్ని ఓడెట్ దాచకుండా చెప్పింది. లాగిన్ పేరును మనిషనుకునే పరిశోధనలన్నిటికీ ఇది హెచ్చరిక కావాలంది. మాట తడబడలేదు. వేరే ఊరినుంచి వచ్చిన పరీక్షకుడు కళ్ళజోడు సర్దుకుని, సరిచూసేవారిని మధ్యలో ఎందుకు మార్చారని అడిగాడు. అంకెలు నచ్చనివాణ్ణి తప్పించారా అన్న అనుమానం ఆ ప్రశ్నలో ఉంది.

ఇవాన్ లేవబోయాడు. ఓడెట్ అతన్ని చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

"మొదట సరిచూసినాయనకు నా మీద ఇష్టం ఉందండీ. అందుకే తనే తప్పుకున్నాడు," అంది. "ఆ ఇష్టం నావైపునుంచి కూడా ఉంది. కనుక ఆయన అంకెల్ని లెక్కలోకి తీసుకోకండి. రెండోసారి సరిచూసినవాళ్ళు నన్నెప్పుడూ చూడనైనా లేదు."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. పరీక్షకుడు ఏదో రాసుకుని, ఇక ప్రశ్నలు లేవన్నాడు.

అందరినీ బయటికి పంపారు. నడవాలో ఓడెట్ గోడకు ఆనుకుని నిలబడింది. ఇవాన్ ఒక మనిషి పట్టేంత దూరంలో ఆగాడు.

"ఫెయిల్ చేస్తే?" అందామె.

"మళ్ళీ రాద్దాం."

"రాద్దామా?"

"నువ్వు రాయి. నేను సరిచూడను."

ఆమెకు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. ఆ మనిషి పట్టే దూరాన్ని తనే దాటి, అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి. లోపల మాటలు వినిపిస్తున్నాయి, అర్థం కావడం లేదు.

తలుపు తెరుచుకుంది. టోబిన్ వాళ్ళిద్దరి కలిసిన చేతుల వైపు ఒకసారి చూసి, చూడనట్టే మొహం తిప్పుకుంది.

"డాక్టర్ కోమో, లోపలికి రండి," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మెక్‌ఫీ, నువ్వూ రావయ్యా. కేకు కోయాలి."