పద్నాలుగు పళ్ళ చక్రం

"ఈ చైన్ సెట్ వేసినవాడెవడో గానీ, బుర్ర ఇంట్లో పెట్టొచ్చి వేసుంటాడు!"

బైకు పక్కన గొంతుక్కూర్చుని, నూనెగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ, నవ్వుతూ అన్నాడతను. స్పేర్ పార్టుల షాపు మేనమామది. వెనకాల షెడ్డులో రిపేర్లు చూసేది మాత్రం అతనే. ఏ బండి స్ప్రాకెట్‌కి, అంటే చైన్ తిరిగే చక్రానికి, ఎన్ని పళ్ళుంటాయో అడిగిందే తడవుగా చెప్పేస్తాడని ఆ వీధిలో అందరూ పళ్ళ డాక్టర్ అంటారు. ఆ పేరు విని ఓ పెద్దాయన నిజంగానే దవడ పట్టుకుని వచ్చాడు కూడా.

బండి తెచ్చిన ఆమె నవ్వలేదు.

"ఎందుకలా అంటున్నారు?"

"చూడండి. ఇది చిన్న బండి. ఇంజన్ దగ్గరుండే చిన్న చక్రానికి పద్నాలుగు పళ్ళుండాలి. పదిహేను వేశాడు. వెనక పెద్ద చక్రానికేమో పళ్ళు తగ్గించాడు. చదును రోడ్డయితే రివ్వున పోతుంది, కాదనను. ఎత్తు వస్తే మాత్రం ఆయాసం! ఇంతకీ ఎవరా మహానుభావుడు?"

"మా ఆయన."

"అయితే ఓసారి పంపించండి. నాలుగు చీవాట్లు పెడతాను."

"రాలేరు. పోయి ఏడాది దాటింది."

అతని చేతిలోని గుడ్డ జారి కింద పడింది. లోపల కౌంటర్ దగ్గర మామయ్య కూడా తలెత్తి చూశాడు.

"సారీ అండీ... నాకు తెలీదు..."

"మీకెలా తెలుస్తుంది? పళ్ళన్నీ అరిగి కొక్కేల్లా వంగిపోయాయని నాకూ తెలుసు. ఏ కొలత ఉందో అదే కొలత కొత్తది వేయండి. సలహాలొద్దు."

వెనక సీటు మీద తెల్ల పెట్టె ఉంది. ఆమె ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకుని ఆ పెట్టెలో తెస్తుంది. ఆ పేషెంట్లలో సగం మంది గుట్ట మీది కాలనీలోనే ఉంటారు. ఆ ఎత్తుకి ఈ చక్రం పనికిరాదన్న మాట అతని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. అడిగిన కొలతే వేసి పంపాడు.

ఆమె వెళ్ళాక మామయ్య అన్నాడు. "అల్లుడూ, ఆ నోటికి కూడా ఓ బ్రేకు వేయించుకోరా."

వానాకాలం మొదలైంది. ఓ మధ్యాహ్నం ఆమె తడిసి ముద్దయి, బండి తోసుకుంటూ వచ్చింది. ఒక మోచెయ్యి గీరుకుపోయింది.

"ఎత్తు మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. పెట్టె పడి ట్యూబులన్నీ పగిలాయి." ఆమె పెట్టె మూత తెరిచి చూపించింది. "ఒకావిడకి నరమే దొరకదు. నాలుగుసార్లు గుచ్చితే గానీ రాలేదు. మళ్ళీ వెళ్ళి చెయ్యి చాపండమ్మా అని ఏ మొహంతో అడగను?"

అతను స్టూలు జరిపాడు. పొడి తువ్వాలు ఇచ్చాడు. "నేను ముందే అనుకున్నా" అన్న మాట మాత్రం అనలేదు.

"మార్చేయండి" అందామె.

అతను రెంచీ తీసుకుని వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. మొదటి బోల్టు కదిలిందో లేదో, "ఆగండి!" అంది. అతను ఆగాడు. రెంచీ కింద పెట్టాడు.

"ఓ పని చేద్దామండీ. వెనకది అలాగే ఉంచుదాం, ఆయన అనుకున్న కొలతలోనే. ముందుది ఒక్కటే మారుద్దాం. ముందు ఒక పన్ను తగ్గిస్తే, వెనక మూడు పెంచినంత పని చేస్తుంది. ఎత్తులో బండి లాగుతుంది."

"ఒక్క పన్నుతోనా?"

"ఒక్క పన్నుతోనే. చిన్న చక్రం కదా, దానికి ఒక్కటైనా ఎక్కువే."

ఆమె తలూపింది.

చైన్ బిగించి, మోచేతికి మందు రాసుకోమని ఇచ్చి, గుట్ట దాకా ఓసారి వెళ్ళి చూసి రమ్మన్నాడు. వాన తగ్గాక వెళ్ళింది. తిరిగొచ్చి, బండి స్టాండు వేసి, షాపు మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏమైంది? ఎక్కలేదా?" కంగారుగా వచ్చాడతను.

"ఎక్కింది. ఇంత తేలిగ్గా ఎక్కేస్తుందనుకోలేదు." కళ్ళు తుడుచుకుంది. "మా ఆయనా నేనూ వెళ్తే ఆ ఎత్తు దగ్గర బండి మొరాయించేది. నన్ను దిగి నడవమనేవాడు. తను పైకెళ్ళి నిలబడి, నేను రొప్పుతూ వస్తుంటే చప్పట్లు కొట్టేవాడు. చక్రం మార్చరాదూ అని రోజూ పోట్లాడేదాన్ని. మారిస్తే నువ్వు నడవవుగా అనేవాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి. నిద్రలోనే తలలో నరం చిట్లింది. ఇవాళ ఆ ఎత్తు ఆగకుండా ఎక్కేశాను. పైన ఎవరూ లేరు."

అతను వచ్చి మెట్టు మీద కాస్త దూరంగా కూర్చున్నాడు. ఇద్దరికీ మామయ్యే టీ తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత ఆమె తరచూ వచ్చేది. మామయ్యకి షుగర్ ఉందని తెలిసి, రక్తం తీయడానికి తనే వచ్చేది. సూది బయటికి తీయగానే అతను గోడవైపు తిరిగేవాడు.

"గుచ్చేది మీ మామయ్యకి. మీరెందుకు కళ్ళు మూసుకుంటున్నారు?"

"మూసుకోలేదు. గోడ మీద క్యాలెండర్ చూస్తున్నా."

"అక్కడ క్యాలెండర్ లేదు డాక్టర్ గారూ."

మామయ్య పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అతను ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. ఆ రోజంతా ఏ నట్టు ఏ బోల్టుకి బిగించాడో అతనికే తెలీదు.

మరోరోజు ఆమె దిగుతూనే, "చైన్ ఏదో చప్పుడు చేస్తోంది" అంది.

అతను చక్రం తిప్పి చూశాడు. "ఏ చప్పుడూ లేదే?"

"దారిలో వచ్చింది. మిమ్మల్ని చూసి మానేసినట్టుంది."

"అయితే రోజూ ఓసారి చూపించుకుని వెళ్ళండి. మంచిది."

వానలు వెనకబట్టాక ఓ సాయంత్రం, చైన్‌కి నూనె వేస్తూ, తలెత్తకుండానే చెప్పేశాడు. "మీరు రాని రోజు షాపు తెరవబుద్ధి కావట్లేదు. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. నాతో ఉండిపోతారా?"

తలెత్తితే ఆమె హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"మీరంటే ఇష్టం లేక కాదు. అబద్ధం ఎందుకు చెప్పను?" నెమ్మదిగా అంది. "మా అత్తయ్యకి నేను తప్ప ఎవరూ లేరు. నాకూ అంతే, అమ్మానాన్నల్ని చిన్నప్పుడే పోగొట్టుకున్నాను. సాయంత్రం ఈ బండి చప్పుడు వినగానే ఆవిడ గుమ్మంలోకొస్తుంది. వాడి బండి వచ్చింది అంటుంది. ఇది ఇంకో ఇంటి ముందు ఆగితే ఆవిడేం కావాలి?"

"ఆవిడ కూడా మనతోనే..."

"అడగకండి. అడిగే ధైర్యం నాకూ లేదు. ఇక నేను రాను."

నిజంగానే రాలేదు. మామయ్య రక్తం తీయడానికి ల్యాబ్ నుంచి వేరే మనిషి వచ్చాడు. పళ్ళ డాక్టర్ ఈసారి గోడవైపు తిరగలేదు. సూది వంకే చూస్తూ నిలబడ్డాడు. మామయ్య ఏదో హాస్యమాడబోయి, మేనల్లుడి మొహం చూసి మానేశాడు.

కొన్నాళ్ళకి ఒక పెద్దావిడ చేతికర్ర ఊతంతో షాపు మెట్లెక్కింది. బక్కపల్చటి మనిషి. చూపు మాత్రం సూటిగా ఉంది.

"పళ్ళ డాక్టర్ అంటే నువ్వేనా?"

"నేనేనండీ. కూర్చోండి. ఏ బండికి?"

"బండికి కాదు. నా కోడలి సంగతి. అన్నం ముందు కూర్చుంటుంది, తినదు. చైన్ చప్పుడు చేస్తోందా అంటే ఏడుస్తుంది. నిన్న గట్టిగా అడిగితే అంతా చెప్పింది."

అతను లేచి నిలబడ్డాడు.

"కూర్చో. కొట్టడానికి రాలేదు." ఆవిడ కర్రని ఒళ్ళో పెట్టుకుంది. "అది గుమ్మం దాటి వెళ్ళిపోతే నేను బతకననుకుంటోంది. బతుకుతాను. వాడు పోతేనే బతికాను కదా. కానీ ఆ పిల్ల నా ఎదురుగా అలా ఎండిపోతుంటే చూస్తూ బతకడం, అది నా వల్ల కాదు."

"మీరు కూడా మాతో వచ్చేయండి."

"రాను. వాడు తిరిగిన ఇల్లు అది. నువ్వే మా వీధిలో ఓ ఇల్లు చూసుకో. పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే చాలు. ఇంకో మాట. వాడి ఊసు ఎత్తినప్పుడు మొహం ముడుచుకోకు. ఆ పిల్ల వాణ్ణి మర్చిపోదు. మర్చిపొమ్మని అడగకు."

"అడగను. నాకూ చెప్పమంటాను ఆయన సంగతులు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అప్పటికే కోడలు వెతుక్కుంటూ వచ్చి మెట్ల దగ్గర నిలబడిపోయింది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో, చెంపలు తడిసి ఉన్నాయి. ఆవిడ కర్ర పక్కన పెట్టి చెయ్యి చాపింది. కోడలు వచ్చి ఆ ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అతను దగ్గరికొచ్చాడు.

"నాకు కూడా మీరిక తల్లితో సమానం. మిమ్మల్ని అమ్మా అనే పిలుస్తాను."

కోడలి జుట్టు నిమురుతున్న చెయ్యి ఆగింది.

"వద్దు నాయనా." గొంతులో కోపం లేదు. "ఆ పిలుపు వాడిది. అది ఇంకెవరికీ ఇవ్వలేను. అత్తయ్యా అను. కోడలికైనా అల్లుడికైనా నేను అత్తయ్యనే కదా?"

"సరే... అత్తయ్యా."

ఆవిడ తలూపి, మంచినీళ్ళు అడిగింది. అతను తెచ్చిచ్చిన గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది గానీ, చాలాసేపటి దాకా ఒక్క గుక్క కూడా దిగలేదు.