మైనపు దొరవారి భోజనం

ఆ కొండల్లో దొర చనిపోతే, పూడ్చేదాకా ఆయన భోజనం ఆగదు. అది తాతల నాటి ఆచారం. దేహం ప్రార్థనాలయంలో ఉంటుంది. మైనంతో చేసిన దొర మాత్రం ఆయన కోటు తొడుక్కుని, ఆయన పెట్టుడు జుట్టు తగిలించుకుని, మధ్యాహ్నం వేళకి బల్ల దగ్గర కూర్చుంటాడు. చారు వస్తుంది, వేటమాంసం వస్తుంది, ద్రాక్షసారా వస్తుంది. కాసేపు ఆయన ముందు ఉంచి, తీసుకెళ్లి కోట గుమ్మంలో బీదలకు పెడతారు. బతికుండగా ఎంగిలిచేత్తో కాకిని తోలని మహానుభావుడు, పోయాక అన్నదాత అయ్యాడని జనం నవ్వుకున్నారు.

భోజనం ఉన్నప్పుడు సంగీతం ఉండాలిగా! ఆ పని ఆస్థాన స్వరకర్త వెండెలిన్‌ది. పేరుకే ఆస్థానం. వేసుకునేది నౌకర్ల దుస్తులు, తినేది వంటవాళ్ల పంక్తిలో. రాసిన ప్రతి స్వరమూ దొర సొత్తే. తనదంటూ ఉన్నది ఒక్కగానొక్క కూతురు రోజినా.

ఆ పిల్లకి గొంతువాపు జ్వరం. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు.

"చచ్చినవాడికి వాయించడానికి బతికున్న పిల్లని వదిలి వెళతారా?" అంది భార్య ల్యుడ్మిలా, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"కొలువు పోతే ఈ ఇల్లు కూడా పోతుందే. ఒక్క పాట వాయించి వచ్చేస్తాను."

రోజినా అతని కోటు అంచు పట్టుకుంది. "నా పాట వాయించు నాన్నా."

ఆమె పాట అంటే, జ్ఞానస్నానం రోజున అతను కట్టిన చిన్న నాట్యపు పాట. ఆ రోజు పిల్లని ఎత్తుకుని బిడ్డగా ఒప్పుకున్న జ్ఞానతండ్రి దొరే. పిల్లల్లేని మనిషి. ఆ పాట ఎప్పుడు వాయించినా వేలెత్తేవాడు. వేలెత్తితే మళ్లీ వాయించాలని అర్థం. రుమాలు బల్లమీద పడేస్తేనే సెలవు.

భోజనశాలలో కొమ్ము వాయించే వావ్రా ఎదురొచ్చాడు. ల్యుడ్మిలా తమ్ముడు. "ఏంటి బావా, మొహం అలా వేలాడేశావు? ఇవాళ తప్పులు పట్టే నాథుడే లేడుగా!"

"రోజినాకి ఊపిరాడట్లేదురా."

వావ్రా మొహంలో నవ్వు ఆరిపోయింది.

ముసలి దివాను దగ్గరకొచ్చి చెవిలో గొణిగాడు. "పాట అవగానే నాకు వంగి దణ్ణం పెట్టండి. ఆయన తరఫున రుమాలు నేను తీసి పడేస్తాను. మీరు ఇంటికి పొండి. కుర్చీ వైపు మాత్రం వంగొద్దు బాబూ. సెలవు అడగాల్సింది బతికున్నవాణ్ణే."

బయట మంచు ఆగకుండా కురుస్తోంది. పట్టపగలే గదిలో మసక. పొయ్యిలో నిప్పున్నా చలి వదలట్లేదు. వెండెలిన్ మిగతావన్నీ పక్కన పెట్టి, అన్నిటికన్నా పొట్టిదని, పిల్ల అడిగిందని, ఆ పాటే ఫిడేలు మీద ఎత్తుకున్నాడు. వేగంగా నడిపించాడు. అయిపోయింది. ప్రాణం ఇంటి దగ్గర ఉంది, ఒళ్లు మాత్రం ఇక్కడుంది. ఇరవై ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా? నడుం దానంతటదే వంగింది.

కుర్చీ వైపు.

"అయ్యో..." అన్నాడు దివాను.

తెల్లటి బల్లగుడ్డ మీద, మైనపు చేతికి ఉన్న చూపుడువేలు... మెల్లగా... పైకి లేచింది.

ఎవరూ కదల్లేదు. వెండెలిన్ చెయ్యి మాత్రం కదిలింది. అతను కదపలేదు. కమాను తీగల మీద పడింది. పాట మళ్లీ మొదలైంది.

అయిపోయింది. వేలు దిగలేదు. మళ్లీ.

మళ్లీ.

చలి గదిలో కరిగిన మైనం వాసన. తియ్యగా. దివాను రుమాలు అందుకోబోయాడు. అది మైనపు ఒళ్లోంచి ఊడి రాలేదు. ముసలాయన రెండు చేతులతో లాగి లాగి, కింద కూలబడి ఏడ్చాడు.

"బావా..." వావ్రా గుసగుస. "నేను వాయించట్లేదు."

కొమ్ము అతని ఒళ్లో ఉంది. కొమ్ము పాట వినిపిస్తూనే ఉంది.

వెండెలిన్ అడుగు వెయ్యాలని చూశాడు. కాళ్లు రాలేదు. కళ్లలోంచి నీళ్లు కారి ఫిడేలు మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు తనవి కావు. "దొరా... నా బిడ్డ దొరా... మీ బిడ్డే... వదిలెయ్యండి..." మైనపు మొహం ఇటు తిరగలేదు. కిటికీలు నల్లబడ్డాయి. లోకంలో తండ్రి అన్నవాడికి ఇంతకంటే నరకం ఉంటుందా?

అప్పుడు గమనించాడు. పాట ముగిసి మళ్లీ మొదలయ్యే చోట, కమాను పైకెత్తే ఆ ఒక్క క్షణం... చెయ్యి తనది.

కాచుకున్నాడు. పాట ముగిసింది. కమాను లేచింది.

బలమంతా కూడదీసుకుని ఫిడేలుని బల్ల అంచుకేసి కొట్టాడు. మెడ విరిగింది. తీగలు తెగాయి.

నిశ్శబ్దం.

వేలు నిదానంగా ముడుచుకుంది. రుమాలు జారి కింద పడింది.

"పరిగెత్తు బావా!" అని అరిచాడు వావ్రా.

పరిగెత్తాడు. మోకాలిలోతు మంచులో పడుతూ, లేస్తూ, పిండిమర దాటి, కొండకు అవతలి వైపున్న ఇంటికి. కోటలో ఫిరంగి పేల్చినా వినపడని చోటు అది.

ల్యుడ్మిలా మంచం పక్కన కూర్చుని ఉంది. ఏడవట్లేదు. పిల్ల పడుకుని ఉంది. ఈల చప్పుడు లేదు.

"బాగానే ఉంది," అంది ల్యుడ్మిలా, గోడకి చెప్తున్నట్టు. "మధ్యాహ్నం నుంచీ బాగానే ఉంది. ఊపిరి తేలిగ్గా ఆడింది. 'నా పాట వస్తోందమ్మా, విను' అంటూ దుప్పటి మీద తాళం వేసింది. 'నా గొంతు మీద ఎవరో చెయ్యేశారమ్మా, చల్లగా ఉంది' అంది. నాకేం వినపడలేదు. పోనీలే, నవ్వుతోంది కదా అనుకున్నా. పాట అయిపోగానే మళ్లీ మొదలవుతుందని ఎదురుచూసేది. మొదలయ్యేది, నవ్వేది. ఇందాక..."

పిల్ల మీద దుప్పటి సరిచేసింది.

"ఇందాక ఎదురుచూస్తూనే ఉండిపోయింది. పాట రాలేదు, ఊపిరీ రాలేదు. ఎందుకు ఆపారండీ?"

వెండెలిన్ కొవ్వు దీపం చేతిలోకి తీసుకుని కూతురి మొహం మీదికి వంగాడు. ఆ ఇంట్లో ఏనాడూ మైనపువత్తి వెలిగింది లేదు. అంత తాహతు ఎక్కడిది?

పిల్ల మెడ చుట్టూ, పల్చగా, తెల్లగా మైనం అంటుకుని ఉంది. వేళ్ల అచ్చులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వేలితో తాకి చూశాడు. ఇంకా మెత్తగానే ఉంది.