ఎడమచేతి దినం

దత్తాత్రి ఇంట్లో పొద్దు చాయతో మొదలుకాదు, దినంతో మొదలవుతుంది. చాయ గ్లాసు చేతికి రాకముందే ఆయన గొంతు సవరించుకొని, "ఇయ్యాల ఏం దినమో ఎవరికన్న ఎరుకేనా?" అని అడుగుతాడు. ఎవరికీ ఎరుక ఉండదు. ఒకవేళ ఉన్నా చెప్పరు. చెబితే ఆయన ముఖం చిన్నబోతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాక గల్లాపెట్టె కొడుకు ఆకాశ్‌కు అప్పజెప్పి, తాను పూర్తిగా దినాల మీద పడ్డాడు. దుకాణం ముందు ఒక నల్లబల్ల నిలబెట్టి, రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ఆ నాటి విశేషం రాసేవాడు. పిచ్చుకల దినం, చేతులు కడుక్కునే దినం, మరుగుదొడ్ల దినం, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన దినం, మన దేశంలో మొదటి రైలు నడిచిన దినం. రాసి ఊరుకుంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. వాటిని ఇంట్లో జరపాలి కూడా. పిచ్చుకల దినానికి డాబా మీద గింజలు చల్లాలి. ఇడ్లీల దినానికి దుకాణానికొచ్చిన వాళ్లందరికీ ఇడ్లీ పెట్టాలి. టెలిగ్రాములు బందయిన దినం నాడు ఇంట్లో ఎవరూ పొడుగు మాటలు మాట్లాడొద్దని హుకుం వేసి, రోజంతా ఆయనొక్కడే మాట్లాడాడు.

ఇవన్నీ నెత్తిన వేసుకొని నడిపేది భార్య కౌసల్యమ్మ. పప్పు నానబోసేది ఆమె, రుబ్బేది ఆమె, వచ్చిన వాళ్లకు ప్లేట్లు అందించి తర్వాత కడిగేదీ ఆమే. మెచ్చుకోళ్లు మాత్రం మొగుడి ఫోనుకు వచ్చేవి. పొద్దున వాకింగుకు వచ్చే మిత్రుల వాట్సాప్ గ్రూపులో దండాలు, చప్పట్లు, పువ్వులు కుప్పలుగా పడుతుంటే, ఆయన ఒక్కొక్కటి పేరుపేరునా చదివి వినిపించేవాడు. ఆమె చేతిలో పని ఆపకుండా "మంచిగుంది" అనేది. అందులో వెక్కిరింత లేదు. ఆమెకు నిజంగానే మంచిగా అనిపించేది.

ఆ రోజు ఆగస్టు పదమూడు. తమ్ముడు ఆకాశ్‌కు రాఖీ కట్టడానికి హుస్నాబాద్ నుంచి వచ్చిన కూతురు సాయిసుధ, అమ్మ నీరసంగా కనబడుతోందని ఇంకా తిరిగిపోలేదు. దత్తాత్రికి మాత్రం బిడ్డ ఆగింది దినం కోసమే అనిపించింది.

"ఇయ్యాల ఎడమచేతోళ్ల దినం," అని ప్రకటించాడు. "ఈ లోకం మొత్తం కుడిచేతోళ్ల కోసమే కట్టిన్రు. కత్తెర వాళ్లదే, తలుపు గొళ్లెం వాళ్లదే. గా ఎడమచేతోళ్ల బాధేందో మనం గుడ ఒక్క పూట చూద్దాం. పగటీలిదాక, పన్నెండు కొట్టెదాక, అందరు ఎడమ చెయ్యితోనే పని చెయ్యాలె."

అన్నం మాత్రం ఎడమ చేత్తో ముట్టేది లేదని కౌసల్యమ్మ తేల్చి చెప్పింది. అంతవరకు ఆయన సరేనన్నాడు. ఆకాశ్ ఎడమ చేత్తో తల దువ్వుకొని, పాపిడి వంకరపోయిందని గొణుక్కుంటూ దుకాణానికి వెళ్లిపోయాడు. సాయిసుధ ఎడమ చేత్తో ఉల్లిగడ్డ తరుగుతానని కూర్చుని, కత్తి జారి నవ్వుతూ లేచింది. దత్తాత్రి ఇదంతా ఫోనులో వీడియో తీస్తూ, కుడిచేతనే తీస్తూ, వంటింటి దాకా వచ్చాడు.

సజ్జ మీద ఉన్న స్టీలు డబ్బాను ఎడమ చేత్తో దించమని భార్యను అడిగాడు. ఆమె తనవల్ల కాదని, సుధను దించమని చెప్పింది. అది అందరూ చూసే వీడియో అని, ఇంటి ఇల్లాలు చేస్తేనే అందమని ఆయన పట్టుబట్టాడు. ఆయన పట్టుబడితే వదలడని ఆమెకు తెలుసు కాబట్టి చెయ్యెత్తింది. చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

"చూసిన్రా, కుడి చెయ్యికి అలవాటు పడి ఎడమ చెయ్యి పనే మర్సిపోయింది," అని ఫోను వెనకనుంచి దత్తాత్రి నవ్వాడు. ఆ నవ్వుతో సహా వీడియోను గ్రూపులో పెట్టాడు.

సాయిసుధ మాత్రం చెయ్యిని చూడలేదు, పంటి కింద నొక్కిపట్టిన పెదవిని చూసింది. తల్లిని లోపలి గదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టింది. ఇవతల హాల్లో ఫోను టింగుటింగుమంటూ మోగుతోంది. పడీపడీ నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. దత్తాత్రి సంబరంగా కూర్చుని చదువుతుండగా గది తలుపు తెరుచుకుంది.

"బాపు, ఫోను కింద పెట్టు," అంది సాయిసుధ.

గ్రూపులో కర్ణాకర్ సార్ ఏం రాశాడో వినమని ఆయన మొదలుపెట్టాడు. ఆమె ఆయన చేతిలోంచి ఫోను తీసుకొని బల్ల మీద బోర్లా పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తండ్రి చేతిలోంచి ఒక వస్తువు లాక్కోవడం అదే మొదలు.

"అమ్మ రొమ్ముల గడ్డ ఉన్నది. సంకల గుడ తాకుతుంది. అందుకే చెయ్యి లేస్తలేదు. నువ్వు దానికి వీడియో తీసి నవ్వినవ్."

దత్తాత్రికి ఆ మాటలు వినబడ్డాయి కానీ వెంటనే ఒంటబట్టలేదు. తనకెవరూ చెప్పలేదు కదా అన్నాడు. ఆ మాట సాయిసుధకు కారం రాసినట్టయింది.

"పోయిన అక్టోబర్ల కోమటి చెరువు కట్ట మీద గులాబి రిబ్బన్లు పంచింది నువ్వే గద. అందరు ఆ రంగు చూసి ఏ పార్టీ మీటింగో అనుకుంటే, కాదు ఇది రొమ్ము క్యాన్సర్ నెల, ఆడోళ్లందరు పరీక్ష చేయించుకోవాలె అని మైకుల చెప్పింది నువ్వే గద. అమ్మ ముందు వరసల కూసొని చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చినంక నువ్వెట్లున్నవ్ అని ఒక్కసారన్న అడిగినవా?"

"ఊరందరికి చెప్పిన, బిడ్డా. ఇంట్లమనిషికి మల్ల యేరే చెప్పాల్నా?"

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక అదెలా ఉందో ఆయనకే తెలిసింది. వెనక గుమ్మంలో నిలబడ్డ కౌసల్యమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, బాపును ఇగ ఏమనకని బిడ్డకు సైగ చేసింది. ఆ స్థితిలోనూ ఆమె మొగుడినే కాచుకుంది. బల్ల మీద ఫోను ఇంకా టింగుమంటూనే ఉంది.

ఆ వారంలోనే హైదరాబాదులో ఒక దవాఖానకు తీసుకుపోయారు. ముక్క తీసి పరీక్ష చేశారు. ముందే వస్తే బాగుండేదని డాక్టరమ్మ అంది. ఆ మాట అందరికీ అనేదే అయినా దత్తాత్రి తనకోసమే అన్నట్టు తల వంచుకున్నాడు. ముందు మందులు ఎక్కించి, గడ్డ కరిగిన దాన్నిబట్టి ఆపరేషను చేస్తామన్నారు. బతుకుతుందని చెప్పలేదు, బతకదనీ చెప్పలేదు.

మర్నాడు దత్తాత్రి నల్లబల్లను తడిగుడ్డతో తుడిచి, దుకాణం లోపల బిందెల వెనక గోడకు తిప్పి పెట్టాడు. వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. నిజాం పాలన ముగిసిన సెప్టెంబరు పదిహేడు వచ్చింది, పోయింది. సిద్దిపేట జిల్లా అయిన దినం వచ్చింది, పోయింది. ఏటేటా ఆ రోజు కిలోల కొద్దీ మిఠాయి పంచే సేటుకు ఏమైందని జనం అడిగితే ఆకాశ్ ఏదో ఒకటి చెప్పి పంపేవాడు. దత్తాత్రి ఇంట్లోనే ఉండి జావ కాచాడు. భార్య బట్టలు ఉతికాడు. ఆమె నిద్రలేవకముందే దిండు మీది వెంట్రుకలు ఏరి కాగితంలో చుట్టి పారేసేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాదు. మందు, నీళ్లు, జావ, ఇంతే మాటలు. ఇంత బాధపెట్టిన నోటికి ఇక మాట్లాడే హక్కు లేదనుకున్నాడు. ప్రాయశ్చిత్తం కూడా ఆయన దినాల్లాగే పద్ధతిగా జరిపాడు, మధ్యలో ఆమెను మాత్రం అడగలేదు.

కార్తీకంలో ఒక పొద్దున ఆమెను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టాడు. తలకు స్కార్ఫు కట్టుకొని ఉంది. కనుబొమలు కూడా రాలిపోయి ముఖం ఎవరిదో అన్నట్టుంది. జావ గ్లాసు చేతికిచ్చి లోపలికి తిరగబోతుంటే ఆమె పిలిచింది.

"సుధ బాపూ, ఇయ్యాల ఏం దినం?"

"బుధవారం."

"అది నాకెరుకే. ఇంకేం దినం?"

"ఏం లేదు. గవన్ని బంద్ చేసిన."

"ఎవరినడిగి బంద్ చేసినవ్?"

దత్తాత్రి ఆగిపోయాడు. ఆమె గొంతు నీరసంగానే ఉంది కానీ అందులో కోపం ఉంది. ఇన్నేళ్లలో ఆ కోపాన్ని ఆయన ఎరగడు.

"పొద్దుగాల లేస్తే ఈ ఇంట్ల ఏదో ఒక ముచ్చట ఉంటుండె. నవ్వొచ్చేదో, ఒళ్లు మండేదో, ఒక ముచ్చట ఉంటుండె. ఇప్పుడు జావ ఇస్తవ్, మందిస్తవ్, మొఖం దించుకొని పోతవ్. నీ తప్పుకు నువ్వు శిచ్చ ఏసుకున్నవ్, మంచిదే. నన్నెందుకు ఒంటిదాన్ని చేసినవ్?"

"నీ ముందర మాట్లాడెటందుకు నాకు మొఖం లేదు, కౌసల్యా. నువ్వు చెప్పలేదు. నేను చూడలేదు."

"నేను చెప్పిన."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె గ్లాసు పక్కన పెట్టింది.

"ఫిబ్రవరిల, రేడియో దినం నాడు. మీ నాయిన రేడియో దులిపి తెచ్చి నడింట్ల పెట్టుకొని ముల్లు తిప్పుతున్నవ్. నేనొచ్చి నీ పక్కన కూసున్న. ఈడ గడ్డ లెక్క ఏదో తాకుతుంది అన్న. నువ్వు నా దిక్కు చూడకుండనే చెయ్యి అడ్డం పెట్టి, ఆగు, స్టేషన్ దొరికింది అన్నవ్. నేను ఆగిన."

ఆ పొద్దు ఆయనకు బాగా గుర్తుంది. గరగర శబ్దం మధ్య స్టేషను దొరకడం గుర్తుంది. పత్తి ధరలు చదివిన ఆ గొంతు కూడా గుర్తుంది. పక్కన కూర్చున్న మనిషి మాత్రం గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తురాలేదు.

"మల్ల ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఒక్కసారి చెప్పెటందుకే మస్తు ధైర్యం చేసుకున్న. నువ్వు ఇనకపోయేసరికి, పోనీ అది లేనే లేదేమో అనుకున్న. గట్ల అనుకుంటే నిద్ర పట్టింది. అది నా తప్పు. అందుకే నీ ఒక్కని మీద కోపం లేదు నాకు." కాసేపు ఊపిరి తీసుకొని మళ్లీ అంది. "లోకంల ఉన్న అన్ని దినాలు జరిపినవ్ గద. నాకోసం ఒకటి జరుపు. ఫిబ్రవరి పదమూడు. రేడియోది కాదు, నాది. ఆ దినం నువ్వు నోరు తెరవద్దు. నేను ఏం చెప్తే అది ఇనాలె. నేను లేకుంటే సుధను పిలిపించుకొని అది చెప్పేది ఇను. అది రాలేకపోతే ఆకాశ్ చెప్పేది ఇను."

"నువ్వు లేకపోవుడేంది..." అనబోయి దత్తాత్రి ఇక ఆపుకోలేకపోయాడు. అరవై దాటిన మనిషి వాకిట్లో నిలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కౌసల్యమ్మ కొంతసేపు చూసింది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, కానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"ఏడ్సుడు గుడ మాట్లాడుడే. మల్ల నా వంతు నువ్వే తీసుకుంటున్నవ్."

ఆయన ఏడుస్తూనే నవ్వాడు. తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఫిబ్రవరి దాక నేను ఆగలేను," అందామె. "ఇయ్యాల్నే జరుపుదాం. కూసో."

దత్తాత్రి పీట తెచ్చుకొని, మోకాళ్లు పట్టుకొని మెల్లగా ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ముందు చిన్నచిన్న సంగతులు చెప్పింది. నోట్లో ఏది పెట్టినా ఇనుము నాకినట్టు ఉంటోందని చెప్పింది. దిండు మీది వెంట్రుకలు ఆయన ఏరడం రోజూ కళ్లు మూసుకొని చూస్తూనే ఉన్నానని చెప్పింది. బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లు పాడుతుంటే లోపల పడుకొని తానూ పెదవులు కదిపానని చెప్పింది. ఆయనకు ఒక్కటీ తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండి ఒక్కటీ తెలియదు.

తర్వాత ఆమె గొంతు తగ్గిపోయింది.

"నాకు భయమైతుంది, సుధ బాపూ. సుధ ముందర అనలేను, పిల్ల తట్టుకోలేదు. దవాఖానకు పోయిన నాడల్ల ధైర్యంగ ఉన్ననని అందరు మెచ్చుకుంటున్నరు. నాకు ధైర్యం లేదు. సచ్చిపోత కావచ్చునని మస్తు భయమైతుంది."

ఏం కాదు అనే మాట దత్తాత్రి నాలుక మీదికి వచ్చేసింది. ఎవరు కష్టం చెప్పుకున్నా ఆయన ఆ మాటే అనేవాడు, అనేసి వేరే సంగతి ఎత్తుకునేవాడు. ఆ మాటను మింగేశాడు. పీటను ఆమె కుర్చీకి ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర పక్కింటి వెంకటనర్సయ్య గొంతు వినబడింది. సేటు ఉన్నడా, ఒక్కమాట అంటూ గొళ్లెం చప్పుడు చేశాడు. కౌసల్యమ్మ అలవాటు ప్రకారం మాట ఆపేసి, మొగుడు లేచి పోవడానికి వీలుగా కాళ్లు పక్కకు తీసుకుంది. దత్తాత్రి గేటు వైపు తల తిప్పలేదు. వెంకటనర్సయ్య ఇంకోసారి పిలిచి, కాసేపు చూసి, వెళ్లిపోయాడు. ఆయన లేవడని నమ్మకం కుదిరాక ఆమె మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.